మంచు పడుకుంటుంది, పొగ లేస్తుంది: మన కొండలను నీటిరంగుల్లో వేయడం

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా యువతీ యువకుల కోసం ఆన్‌లైన్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో చాలామంది సిగ్నల్ కోసం గట్టెక్కి కూర్చుని ఉంటారని నాకు తెలుసు. ఒక తమ్ముడి వెనకాల వలిసె చేను కూడా కనిపిస్తోంది. అందుకే ఎక్కువ సాగదీయను. నన్ను నీటిరంగుల గురించి, అందులోనూ మంచు, మబ్బు, వాన ఉన్న కొండల బొమ్మలు ఎలా వేస్తారో చెప్పమన్నారు. ఎలా వేయాలో చెబుతాను. దానితోపాటు ఎందుకు వేయాలో కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ రెండో సంగతి తెలియక నేను పదేళ్లు పోగొట్టుకున్నాను.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివాను. అక్కడ డ్రాయింగ్ మాస్టారు లేరు. రంగులంటే పరీక్ష అట్ట మీద గీసుకునే స్కెచ్ పెన్నులే. తొమ్మిదో తరగతిలో ఒకాయన కేక్ కలర్స్ డబ్బా, ఒక బ్రష్షు ఇచ్చి వెళ్లారు. ఆ డబ్బాతో నేను వేసిన మొదటి బొమ్మ మా ఊరి వెనక కొండ. నోట్‌బుక్కు కాగితం మీద వేశాను. కాగితం ఉబ్బి, ముడుచుకుపోయి, చిల్లు పడింది. కానీ ఒక మూల నీలం రంగు తడిలోకి పాకి, అచ్చం మా కొండ మీద మబ్బు దిగినట్టే కనిపించింది. నేను వేసింది కాదు, నీళ్లు వేశాయి. ఆ మూల కోసమే ఇవాళ్టికీ ఈ పని చేస్తున్నాను.

ఈ రంగు మనకు కొత్తది కాదు

నీటిరంగులనగానే ఇది ఇంగ్లీషువాళ్ల విద్య అనుకుంటాం. డబ్బా మీద పేర్లు కూడా అలాగే ఉంటాయి. కానీ డబ్బా లోపల ఏముందో చూడండి. రంగుపొడి ఉంటుంది, దాన్ని కాగితానికి పట్టి ఉంచే జిగురు ఉంటుంది. ఆ జిగురు అకేసియా జాతి చెట్ల నుంచి తీసేది. మన తుమ్మ జిగురుకు చుట్టమే. తపసి జిగురు తీసి జీసీసీకి అమ్మిన ఇళ్లలో పుట్టినవాళ్లం, మనకు జిగురు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక రంగుపొడి. బర్న్‌ట్ సియెన్నా, రా సియెన్నా అని రెండు రంగులుంటాయి. సియెన్నా అనేది ఇటలీలో ఒక ఊరు. అక్కడి మట్టి అది. ఇనుము ఉన్న మట్టి పసుపుగా ఉంటే రా సియెన్నా, దాన్నే కాలిస్తే ఎర్రబడి బర్న్‌ట్ సియెన్నా. పండక్కి మన అమ్మలు గోడలకు పూసే ఎర్రమన్ను ఎర్రగా ఉన్నదీ ఆ ఇనుము వల్లనే. గోడ మీద వేసినా, కాగితం మీద వేసినా మట్టి మట్టే.

మన రాష్ట్రంలో ఈ విద్యకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు ఉండేవారు. 1897లో పుట్టి 1925లోనే పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ ఊరి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఈ కుర్రవాడి చేతిని గుర్తుపట్టి బొంబాయి జేజే స్కూల్‌కు వెళ్లి చదువుకునేలా ప్రోత్సహించారు. రామారావు గారి బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరుమీదున్న గ్యాలరీలో ఉన్నాయి. ఆసుపత్రి పనికో, చదువు పనికో అటు వెళ్లినప్పుడు ఒక గంట వీలు చూసుకుని చూడండి. సెల్‌ఫోనులో చూడటం వేరు, కాగితం ముందు నిలబడటం వేరు.

కొండ దూరం పోయేకొద్దీ ఏమవుతుంది?

బొమ్మ వేసే ముందు చూడటం నేర్చుకోవాలి. రేపు పొద్దున్న మీ గుమ్మంలో నిలబడి వరుసగా కొండలను చూడండి. దగ్గరి కొండ ఆకుపచ్చగా ఉంటుంది, చెట్లు విడివిడిగా కనిపిస్తాయి. దాని వెనకది కాస్త నీలం కలిసిన ఆకుపచ్చ. ఆ వెనకది నీలం. చివరిది ఆకాశంలో కలిసిపోయేంత లేతగా ఉంటుంది. ఆ చివరి కొండ మీదా చెట్లు పచ్చగానే ఉన్నాయి. మరి నీలం ఎక్కడిది?

మధ్యలో ఉన్న గాలిది. వెలుగు గాలిలోంచి వచ్చేటప్పుడు గాలి నీలపు వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా ఉండటానికి కారణం అదే. కొండకూ మనకూ మధ్య ఎంత గాలి ఉంటే అంత నీలపు తెర కొండ మీద పడుతుంది. అందుకే దూరం పోయేకొద్దీ మూడు జరుగుతాయి: రంగు నీలం వైపు వెళుతుంది, ముదురు తగ్గి లేతబడుతుంది, అంచు మెత్తబడుతుంది. ఈ మూడూ గుర్తుంటే సగం పాఠం అయిపోయినట్టే.

మంచు సంగతి వేరు. మంచులో ఉన్నవి నీటి బిందువులు. గాలి అణువులకంటే అవి ఎంతో పెద్దవి. అవి అన్ని రంగుల వెలుగునూ ఒకే తీరుగా చెదరగొడతాయి. అందుకే మంచు తెల్లగా ఉంటుంది. రాత్రి కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి లోయలో చేరుతుంది. అక్కడి తేమ మంచవుతుంది. వంజంగి కొండ మీద నిలబడితే కాళ్ల కింద పాలసముద్రంలా కనిపించేది అదే. లంబసింగిని పాతవాళ్లు కొర్రబయలు అనేవారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఊరిపేరులోనే అక్కడి చలిని చెప్పేశారు మన పెద్దలు.

కావలసినవి

ఖర్చు దేనిమీద పెట్టాలో ముందు చెబుతాను. కాగితం మీద పెట్టండి. రంగులు మామూలువైనా ఫరవాలేదు, బ్రష్షు ఒక్కటే ఉన్నా ఫరవాలేదు, కాగితం చెడ్డదైతే ఏ మంచూ రాదు. 300 జీఎస్ఎం మందం ఉన్న, పత్తితో చేసిన కాగితం కొనండి. 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉండే పెద్ద షీటు ఒకటి కొని నాలుగు ముక్కలు చేసుకోండి. నేర్చుకునేటప్పుడు ఎనిమిది ముక్కలు చేసినా తప్పులేదు, వెనకవైపు కూడా వేయండి.

రంగులు నాలుగు చాలు: అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా, రా సియెన్నా, ఒక ఎరుపు. నీలం, బర్న్‌ట్ సియెన్నా కలిపితే బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే వానమబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన రాయి. నల్లరంగు కొనకండి, డబ్బాలో ఉంటే పక్కన పెట్టేయండి. తెల్లరంగూ అక్కర్లేదు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. ఎక్కడ తెలుపు కావాలో అక్కడ రంగు వేయకుండా వదిలేయాలి.

ఈ వదిలేయడమే ఈ విద్యలో పెద్ద సంగతి. చైనాలో గువో షీ అనే చిత్రకారుడు 1072లో పట్టు మీద సిరాతో ‘తొలి వసంతం’ అనే బొమ్మ వేశాడు. ఎత్తైన కొండలు, మధ్యలో మంచు. మంచు ఉన్నచోట పట్టును దాదాపు ఖాళీగా వదిలాడు. కొండ ఎక్కడ ఆగిందో అక్కడ మంచు మొదలైనట్టు మన కంటికి అనిపిస్తుంది. మంచును ఎవరూ వేయలేరు. దాని చుట్టూ ఉన్నవాటిని వేస్తారు.

గంజి, అంబలి, సంకటి

ఇప్పుడు చేతిపని. నీటిరంగుల్లో కష్టమంతా ఒక్కచోటే ఉంది: కాగితంలో ఎంత తడి ఉంది, బ్రష్షులో ఎంత తడి ఉంది. పుస్తకాల్లో రంగు చిక్కదనాన్ని టీ, పాలు, వెన్న అని పోల్చి చెబుతారు. నేను పిల్లలకు మన వంటింటి లెక్క చెబుతాను. గంజితేట, పలచని అంబలి, చిక్కని అంబలి, సంకటి.

కాగితాన్ని నీళ్లతో తడిపాక అది నాలుగు దశల్లో ఆరుతుంది. మొదట నీళ్లు నిలిచి అద్దంలా మెరుస్తాయి. అప్పుడు ఏం వేసినా పారిపోతుంది. తర్వాత ఆ మెరుపు తగ్గి, తడిసిన ఆకు మీద ఉండేంత నిగనిగ మిగులుతుంది. ఇది మంచు వేళ. ఈ సమయంలో పెట్టిన కొండ అంచు మెత్తగా విచ్చుకుంటుంది గాని రూపం పోదు. మూడో దశలో మెరుపు పూర్తిగా పోతుంది, కాని చెయ్యి తిప్పి వేళ్ల వెనకవైపు తాకిస్తే చల్లగా ఉంటుంది. ఇది ప్రమాదం వేళ. బ్రష్షు ఎత్తేయండి. నాలుగోది, పూర్తిగా ఎండిన కాగితం. అప్పుడు వేసిన గీత కత్తితో కోసినట్టు నిలుస్తుంది.

నియమం ఒక్కటే. కాగితంలో ఉన్న తడికంటే బ్రష్షులో తడి తక్కువ ఉండాలి. కాగితం మీద గంజి ఉంటే బ్రష్షులో అంబలి ఉండాలి. కాగితం మీద అంబలి ఉంటే బ్రష్షులో సంకటి. తిరగేసి చేశారో, ఆ ఎక్కువ నీళ్లు సగం ఆరిన రంగును అంచులకు నెట్టేసి గోబీపువ్వులాంటి మచ్చ చేస్తాయి. మొదటి ఏడాది మీ బొమ్మల నిండా గోబీపువ్వులే ఉంటాయి. దిగులు పడకండి. నా దగ్గర బస్తాడు ఉన్నాయి.

ఇంకో మాట. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనిపించిన రంగు ఆరాక లేతబడుతుంది. అందుకని వేసేటప్పుడు కాస్త ముదురుగా కనిపించేలా వేయాలి. ధైర్యం కావాలి. పిల్లలందరూ భయపడి లేతగా వేస్తారు, ఆరాక బొమ్మ వెలిసిన చొక్కాలా అవుతుంది.

మన ప్రాంతంలో అదనంగా ఒక చిక్కుంది. మంచు పొద్దున్న గాలిలోనే తేమ నిండి ఉంటుంది, కాగితం ఆరదు. ఒకసారి లంబసింగి రోడ్డు పక్కన అరగంట కూర్చున్నా మొదటి పూత ఆరలేదు. పక్కన ఎవరో చలిమంట వేసుకుంటే బోర్డు పట్టుకెళ్లి మంట మీద చూపించాను. ఒక మూల కాలింది, మిగతాదాని మీద మసి పడింది. అప్పుడు నేర్చుకున్నాను, మంచులో కూర్చుని ఒక్క బొమ్మ వేయకూడదు, రెండు వేయాలి. ఒకటి ఆరేలోపు రెండోది. లేదా అక్కడ పెన్సిలుతో గీసుకుని, ముదురు లేతలు రాసుకుని, ఇంటికొచ్చి వేయాలి.

ఒక బొమ్మ, మొదటి నుంచి చివరిదాకా

బోర్డు వెనకవైపు కింద ఒక పుస్తకం పెట్టి కొద్దిగా వాలుగా ఉంచండి. పెన్సిలుతో మూడే గీతలు: దూరపు కొండ, మధ్య కొండ, దగ్గరి గట్టు. కాగితమంతా శుభ్రమైన నీళ్లతో తడపండి. అద్దంలా మెరుస్తుండగా ఆకాశం కింది భాగంలో గంజితేటంత పలచని రా సియెన్నా. అది సూర్యుడు రాకముందు ఉండే వెచ్చదనం. పైభాగంలో నీలం, అందులో చిటికెడు సియెన్నా.

నిగనిగ వేళ వచ్చేదాకా ఆగండి. ఇప్పుడు పలచని అంబలి చిక్కదనంలో నీలంతో దూరపు కొండ పైఅంచు వేయండి. పైఅంచు మాత్రమే. కొండ మొదలు వేయకండి. బ్రష్షు కడిగి, గుడ్డకు అద్ది, చెమ్మగా ఉన్న బ్రష్షుతో కొండ కిందిభాగాన్ని తుడవండి. రంగు కిందికి జారుతూ కాగితంలో కలిసిపోతుంది. అక్కడ మంచు పుడుతుంది.

పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఆరాక మధ్య కొండ వేసే చోటు మళ్లీ తడిపి, నీలానికి కాస్త పసుపు మట్టి కలిపి అదే పని చేయండి. మళ్లీ మొదలు తుడిచేయండి. మళ్లీ ఆరనివ్వండి. చివరికి ఎండిన కాగితం మీద దగ్గరి గట్టు, సిల్వర్ ఓక్ చెట్లు రెండు మూడు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, చిక్కని అంబలి చిక్కదనంలో. ముదురైనది, గట్టి అంచున్నది ఇదొక్కటే. ఇది ఉంటేనే వెనకవి వెనక్కి వెళతాయి.

ఇంగ్లండులో టర్నర్ అనే చిత్రకారుడు ఉండేవాడు, 1775 నుంచి 1851 వరకు. స్విట్జర్లాండులో లూసర్న్ సరస్సు ఒడ్డున నిలబడి ఎదుటి రిగి కొండను చూసి, 1842లో మూడు పెద్ద నీటిరంగుల బొమ్మలు వేశాడు. కొండ ఒక్కటే. ఒకటి నీలపు తెల్లవారు, ఒకటి ఎర్రటి సాయంత్రం, ఒకటి చీకటి వీడని వేళ. ఆ రిగి ఎత్తు 1,800 మీటర్లకు కాస్త తక్కువ. మన ఏజెన్సీ పెద్ద కొండలు 1,600 మీటర్లు దాటినవే. ఆయన అంతదూరం ప్రయాణం చేసి వెళ్లి కొండను చూడాల్సి వచ్చింది. మనం తలుపు తీస్తే చాలు.

నేను పోగొట్టుకున్న పదేళ్లు

ఇక రెండో సంగతి.

ఈ విద్య కాస్త చేతికొచ్చాక నేను మంచు బొమ్మలు వేసి పర్యాటకులకు అమ్మడం మొదలుపెట్టాను. బాగానే అమ్ముడుపోయేవి. కొనేవాళ్లు అడిగేవారు: “ఆ రేకుల ఇల్లు తీసెయ్యవా?” “ఆ కరెంటు స్తంభం ఎందుకు?” “మనుషులు లేకుండా ఉంటే బాగుంటుంది.” నేను తీసేసేవాణ్ణి. ముందు స్తంభం పోయింది, తర్వాత ఇల్లు, తర్వాత దారి, తర్వాత పోడు చేను. మంచు చాలా సులువుగా అన్నిటినీ మింగేస్తుంది. కొండ, మంచు, మూడు చెట్లు. అలాంటివి వందలు వేశాను.

అదే కాలంలో ఒక పట్నంలో ప్రదర్శనకు బొమ్మలు పట్టుకెళితే అక్కడి పెద్దమనిషి చూసి, “నువ్వు గిరిజనుడివి కదా, గిరిజన చిత్రాలు వెయ్యాలి గాని ఈ ఇంగ్లీషు కొండలెందుకు?” అన్నాడు. కోపమొచ్చింది. సవరల గోడచిత్రాలంటే నాకు గౌరవం. పాటన్‌గఢ్ గోండు పల్లె నుంచి 1980ల మొదట్లో భోపాల్ వెళ్లిన జనగఢ్ సింగ్ శ్యామ్ బొమ్మలంటే ప్రాణం. ఇంటి గోడ మీది బొమ్మను కాగితం మీదికి తెచ్చి ఆయన ప్రపంచమంతా తిరిగాడు. కానీ అది వాళ్ల ఇంటి విద్య. నేను దాన్ని చూసి కాపీ కొట్టి “నాది” అంటే అబద్ధమవుతుంది. నా కొండ నాది కాదని అనడానికి ఆయనెవరు? ఇలా గింజుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చి బొమ్మ గోడకు ఆనించి పెట్టాను. అమ్మ కాఫీ పళ్లు ఏరుతూ దానివైపు చాలాసేపు చూసింది.

“ఇది మన కొండేనేటిరా?”

“మన కొండేనమ్మా. పొద్దున్న ఆరింటికి.”

“మరి పొగేదిరా? ఆరింటికి ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించనేదా? ఊరందరూ చచ్చిపోనారేటి?”

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. “అంతా మంచే కదమ్మా, పొగ కూడా అందులో కలిసిపోయింది” అని సర్దిచెప్పాను.

“కలవదురా. మంచు పడుకుంటాది, పొగ లేస్తాది. సూడ్డం రాకపోతే ఎట్టా?” అంది.

మర్నాడు పొద్దున్నే లేచి చూశాను. పదేళ్లు మంచు వేసినవాణ్ణి, ఆ రోజు మొదటిసారి చూశాను. మంచు లోయలో అడ్డంగా పరుచుకుని ఉంది, తెల్లగా. ఇళ్లపైనుంచి పొగ నిలువుగా లేస్తోంది, నీలంగా. కొంత ఎత్తుకు వెళ్లి గాలి తగిలిన చోట వంగి మంచు మీద పరుచుకుంటోంది. ఇంకొకటి కూడా గమనించాను. నల్లటి కొండ ముందున్నంతసేపు పొగ నీలంగా ఉంది. కొండ దాటి వెలుగున్న ఆకాశం ముందుకు రాగానే అదే పొగ గోధుమరంగుకు మారింది. పొగలోని నలుసులు చాలా చిన్నవి, నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. అందుకే చీకటి ముందు నీలం కనిపిస్తుంది, వెలుగుకు అడ్డం వస్తే నీలం పోగా మిగిలిన వెచ్చటి రంగు కనిపిస్తుంది. ఈ కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. కానీ తేడాను అమ్మ ముందే చూసింది. ఏ ఇంట్లో పొగ లేవలేదో చూసి, ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలుసుకునే మనిషి ఆమె.

ఆ రోజు వేసిన బొమ్మలో పదకొండు పొగలున్నాయి. ఒక ఇంటికి పొగ లేదు. ఆ ఇంటివాళ్లు పనికి వలసపోయారు. ఆ బొమ్మ అమ్మలేదు.

మంచు అందమే, మంచు కష్టమే

బయటినుంచి వచ్చినవాళ్లకు మంచు అందం. వాళ్లను తప్పుపట్టను, నిజంగానే అందం. కానీ మనకు అది ఇంకా చాలా. కాఫీ పళ్లు కోసి కళ్లంలో ఆరబోసిన రోజుల్లో మంచు విడవకపోతే గింజ ఆరదు, బూజు పడుతుంది. పసిపిల్లలకు దగ్గు పట్టుకుంటుంది. మంచులో డోలీ మోసుకుని దిగినవాళ్లు ఈ సమావేశంలో ఉన్నారు, వాళ్ల కాళ్లకు ఆ దారిలో ప్రతి రాయీ గుర్తుంటుంది. అదే మంచు వలిసె పువ్వు మీద కూర్చుంటే చేను బంగారంలా మెరుస్తుంది. ఇవన్నీ తెలిసినవాడు వేసిన మంచు, కారు అద్దంలోంచి చూసినవాడు వేసిన మంచు ఒకటి కావు.

అలాగని ప్రతి బొమ్మలోనూ కష్టం చూపించమని అనడం లేదు. డోలీ వేస్తేనే ఆదివాసీ బొమ్మ అవుతుందనీ అనను. ఉన్నదాన్ని తీసేయకండి అంటున్నాను, అంతే. స్తంభం ఉంటే స్తంభం వేయండి. ఆ స్తంభం కోసం మన పెద్దలు ఎన్ని అర్జీలు పెట్టారో మీకు తెలుసు. రేకుల ఇల్లు ఉంటే రేకుల ఇల్లు వేయండి. తడిసిన రేకు మీద పొద్దుటి వెలుగు ఎంత బాగుంటుందో! కాగితం తెల్లగా వదిలేసి రెండు గీతలు పెడితే చాలు.

అమ్ముకోవడం తప్పా అని ఒక చెల్లి ఇందాక చాట్‌లో అడిగింది. తప్పు కాదమ్మా. నేనూ అమ్ముతాను, అదే నా బతుకు. కొనేవాడు ఇల్లు తీసెయ్యమంటే ఇప్పుడు, “ఆ ఇంట్లో మా మేనత్త ఉంటుంది సార్, తీయడం కుదరదు” అంటాను. కొందరు నవ్వి కొనుక్కుంటారు. కొందరు వెళ్లిపోతారు. అమ్మకం కొంత తగ్గింది. అబద్ధం చెప్పను.

మీకు ఒక పని

చివరగా మీకు ఒక పని ఇస్తాను. ఇంగ్లండులోనే కాన్‌స్టబుల్ అనే ఇంకో చిత్రకారుడు 1821, 22 సంవత్సరాల్లో హ్యాంప్‌స్టెడ్ అనే చోట ఆకాశాలను వరుసపెట్టి వేశాడు. అవి ఎక్కువగా కాగితం మీద వేసిన నూనెరంగులు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీచిందో రాసుకున్నాడు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ రోజు అక్కడ మబ్బు ఎలా ఉందో మనకు తెలుస్తోంది.

మనమూ అలా చేద్దాం. మీ ఊరి ఒక్క కొండను ఎంచుకోండి. పోస్టుకార్డు అంత కాగితం చాలు. ఇటుకల పండుగ నాటికి ఒకటి, ముసురు రోజుల్లో ఒకటి, వలిసె పూసినప్పుడు ఒకటి, చలి ముదిరినప్పుడు ఒకటి. ఏడాదికి నాలుగు. ప్రతి బొమ్మ వెనకా నాలుగు సంగతులు రాయండి: తేదీ, వేళ, ఆ రోజు మబ్బో మంచో ఎలా ఉందో దానికి మీ ఇంట్లో వాడే మాట, ఆ కొండకు మీ పెద్దలు పిలిచే పేరు. కువి మాట అయితే కువి మాట, ఆదివాసీ ఒడియా అయితే అదే, తెలుగు అయితే తెలుగు. పటాల్లో చాలా కొండలకు ఎత్తు అంకె తప్ప పేరుండదు. పేరు తాతల నోట్లో ఉంది. ఆ పేరు చెప్పేవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. బొమ్మ గోబీపువ్వులతో నిండిపోయినా ఫరవాలేదు, వెనక పేరు సరిగ్గా ఉంటే చాలు.

వచ్చే ఏడాది సంచికలో ఆ బొమ్మలు రెండు వైపులా వేయమని సంఘం పెద్దలను అడిగాను. ముందువైపు కొండ, వెనకవైపు పేరు. సరేనన్నారు.

రేపు పొద్దున్న ఆరింటికి లేవండి. రంగులు లేకపోయినా ఫరవాలేదు. మంచు ఎక్కడ పడుకుందో, పొగ ఎన్ని ఇళ్ల నుంచి లేచిందో లెక్కపెట్టండి. ఏదైనా ఇంటి నుంచి పొగ లేవకపోతే ముందు వెళ్లి ఎలా ఉన్నారో కనుక్కోండి. బొమ్మ తర్వాత వేయొచ్చు.

జై ఆదివాసీ.